ఏనుగుచేపకు కృష్ణలో చుట్టము

తాడేపల్లి కృష్ణకు దక్షిణపు గట్టున నున్న ఊరు. అచ్చట తెల్లవారుజామున నదియొడ్డునకు పోయి, జాలరులు వల లాగి బుట్టలు దించుచోట నిలువబడినచో, అది ఒక పాఠశాలవలె నుండును. బొచ్చెలు, శీలావతులు, ఎర్రమోసులు, వాలుగలు, జెల్లలు, కొరమీనులు - వీనిని మన యిండ్లలోని పిల్లలు సైతము పేరు పెట్టి చెప్పగలరు. వీని నడుమ ఒక్కొక్కప్పుడు వెండిరేకువలె పలుచనై, వీపు గూనివంగి, తోక యెచ్చట మొదలగునో తెలియని చేప యొకటి కనబడును. దానిని చూచినంతనే మంగలికత్తి జ్ఞప్తికి వచ్చును. మేము చూచిన నాడు దానిని చిల్లరచేపల కుప్పలో పడవేసిరి. దాని పేరేమని అడుగగా, ముళ్లచేప యని యొకరు, కత్తిచేప యని మరియొకరు చెప్పిరి. చేపల గ్రంథములలో దాని తెలుగు పేరు ఒల్లెంక యని వ్రాసియున్నారు.

ఈ ఒల్లెంకకు ఆఫ్రికాఖండమున ఒక బంధువు కలదు. దానిని ఏనుగుచేప యందురు. రూపమున ఒకదానికొకటి పోలిక లేదు. నడుమ సముద్రము కలదు. అయినను ఇవి రెండును ఒక్క వంశము నుండి పుట్టినవి. ఈ చుట్టరికమును శాస్త్రజ్ఞు లెట్లు కనుగొనిరి, దాని వలన మనము తెలిసికొనదగిన దేమి, అను విషయమును ముచ్చటించుటయే మా ఉద్దేశము.

ఏనుగుచేప యనగా ఏనుగంత చేప కాదు. ఎంత పెరిగినను ముప్పదియైదు సెంటీమీటర్లకు, అనగా ఒక మూరకు, లోపుగనే యుండును. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలలో నైజరు మొదలుకొని కాంగో వరకు గల నదులలోను, వాని ఉపనదులలోను ఇది నివసించును. శరీరము ప్రక్కలనుండి అణగి, నల్లని గోధుమవన్నె కలిగి, వెనుకభాగమున రెండు తెల్లని చారలతో నుండును. తోకకు ముందు శరీరము సన్నని కాడవలె నగును. ఈ కాడను జ్ఞప్తియందుంచుకొనవలెను. దీని పని పిమ్మట చెప్పెదము.

ముఖమునకు ముందు వ్రేలాడు భాగమును చూచి జనులు దీనికి ఏనుగుచేప యని పేరిడిరి. కాని అది తొండము కాదు. ఏనుగు తొండము ముక్కును పై పెదవియు కలిసి పెరిగిన అవయవము. ఈ చేపకు పెరిగినది గడ్డము. క్రింది దవడ కొసన మాంసపు వ్రేలివలె సాగియున్నది. నోరు ఆ వ్రేలి కొసన లేదు. దాని మొదట, పైభాగమున, చిన్న రంధ్రమువలె నుండును. ఈ గడ్డమును చేప తన యిష్టము వచ్చినట్లు త్రిప్పగలదు. రాత్రివేళ నది యడుగున, బురదపై దానిని అటునిటు కదలించుచు, బురదలో దాగిన పురుగుల పిల్లలను వెదకి తినును. గ్రుడ్డివాడు చేతికఱ్ఱతో దారి తడవినట్లు తడవుచున్నదని మొదట తోచును. కాని అది కేవలము స్పర్శ కాదు. ఆ గడ్డము నిండ విద్యుత్తును గ్రహించు సూక్ష్మేంద్రియములు కిక్కిరిసి యున్నవి.

చేపలలో విద్యుత్తు కలదన్న మాట పాతదే. దక్షిణ అమెరికాలోని విద్యుత్తు ఆరలు మనుష్యుని పడవేయగలంత దెబ్బ కొట్టును. కాని ఏనుగుచేప విద్యుత్తు కొన్ని వోల్టులకు మించదు. చేతితో పట్టుకొన్నను మనకు తెలియదు. శత్రువును కొట్టుటకు చాలని, ఎరను చంపుటకు చాలని ఇంత స్వల్పపు విద్యుత్తు దేనికి? విద్యుదింద్రియములు ఎట్లు పుట్టినవో చెప్పుట కడు కష్టమని చార్లెసు డార్విను 1859లో తన గ్రంథమున ఒప్పుకొనెను. తొంబదియేండ్ల వరకు ఆ చిక్కు విడలేదు.

విడదీసినవాడు కేంబ్రిడ్జిలోని హాన్సు లిస్మను. ఏనుగుచేపకు మిక్కిలి దగ్గరి బంధువగు జిమ్నార్కసు అను ఆఫ్రికా చేపను అతడు పరిశీలించెను. ఆ చేప ముందుకు పోయినంత సులభముగా వెనుకకును ఈదుచు, తొట్టిలోని అడ్డంకులను తాకకుండ తప్పించుకొనుచుండెను. వెనుకవైపు కన్నులు లేని ప్రాణికి అది యెట్లు సాధ్యమయ్యెను? తొట్టినీటిలో తీగలు పెట్టి చూడగా, చేప తోకనుండి ఎడతెగని విద్యుత్ స్పందనములు వెలువడుచున్నట్లు తెలిసెను. ఈ సంగతి 1951లో ప్రకటింపబడినది. పిదప అతడు నీరు చెమ్మగిల్లు చిన్న మట్టిపాత్రలను తొట్టిలో నుంచెను. ఒకదానిలో నీరు మాత్రమే యుండెను. రెండవదానిలో గాజుకడ్డీ యుండెను. బయటికి రెండును ఒక్కతీరుననే యుండెను. కన్నులకు గాని, స్పర్శకు గాని, వాసనకు గాని భేదము తెలియరాదు. అయినను చేప వానిని వేరుపరచి గుర్తింపగలిగెను. తన సహచరుడగు మేషినుతో కూడి అతడు ఈ విధానము నంతయు 1958లో వివరించెను.

ఆ విధాన మిట్టిది. ముందు చెప్పిన కాడవంటి భాగములో, కండరములు మారి ఏర్పడిన విద్యుత్ కణములు పొరలు పొరలుగా పేర్చబడి యున్నవి. అవి యన్నియు ఒక్కసారి పనిచేయగా, సెకనులో వెయ్యవ వంతునకు మించని స్పందన మొకటి వెలువడి, చేప చుట్టును నీటిలో విద్యుత్ క్షేత్రము నేర్పరచును. రాయి, గాజు, ఎండుకొయ్య మొదలగునవి విద్యుత్తును సరిగా పోనీయవు. కావున వాని చుట్టును క్షేత్రము ప్రక్కకు తొలగును. పురుగులు, చేపలు, నీటిమొక్కలు మొదలగు ప్రాణమున్నవి విద్యుత్తును నీటికంటె బాగుగ పోనిచ్చును. కావున క్షేత్రము వాని వైపునకు దగ్గరకు చేరును. ఈ మార్పు చేప చర్మముపై ఒక నీడవలె పడును. ఆ నీడను చర్మమునందలి ఇంద్రియములు చదువును. ఎదుటనున్న వస్తువు ఎంత దూరములో నున్నదో, ప్రాణమున్నదో లేనిదో, చేప చీకటిలో తెలిసికొనును. వరదకాలమున కృష్ణనీరు ఎఱ్ఱబారి, ముంచిన చేయి కనబడని స్థితిని ఎరిగినవారికి, ఇట్టి యింద్రియము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

రేడియో వినువారికి ఒక పోలిక చెప్పిన సులభముగ బోధపడును. ఏనుగుచేప తానే ప్రసారకేంద్రము, తానే గ్రాహకయంత్రము. అయితే అది ప్రసరింపజేయునవి రేడియో తరంగములు కావు. నీటిలో కొంతదూరము మాత్రము వ్యాపించు విద్యుత్ క్షేత్రము. ఇచ్చట నొక చిక్కు కలదు. తన ప్రసారము తన చెవిలోనే హోరెత్తుచుండగా, ఇతర చేపల సన్నని స్పందనములను విను టెట్లు? దీనికి ఆ చేప మెదడులో చక్కని యేర్పాటున్నది. స్పందనము చేయుమని తోకకు ఆజ్ఞ పంపునపుడే, ఆ యాజ్ఞకు నకలొకటి మెదడులోని గ్రహణకేంద్రములకును చేరును. "ఇప్పుడు వచ్చునది నాదే, లెక్కింపవలదు" అని ఆ నకలు తెలుపునట్లు మనము భావింపవచ్చును. మన వ్రేలితో మనము చక్కిలిగిలి పెట్టుకొన్నచో నవ్వు రాకపోవుటకు కారణము కూడ ఇట్టిదే. ఆ స్పందనములతోడనే ఈ చేపలు ఒండొంటిని గుర్తించును, బెదరించును, జోడును వెదకికొనును.

ఇంత పనికి మెదడు పెద్దది కావలెను. ఏనుగుచేప మెదడు దాని శరీరపు బరువులో సుమారు 3 శాతముండును. మనుష్యునిది సుమారు 2 శాతము. శరీరము వాడుకొను ప్రాణవాయువులో మన మెదడు అయిదవ వంతు తీసికొనగా, ఈ చేప మెదడు దాదాపు 60 శాతము తీసికొనునని కొలతలు చూపినవి. మెదడులో మిక్కిలి పెరిగినది చిన్నమెదడు భాగము. ఈ కారణముచే ప్రపంచమున అనేక ప్రయోగశాలలలో దీనిని ప్రత్యేకముగా పరిశీలించుచున్నారు.

ఇక దీని పేరును, కులమును గూర్చి. ఈ జాతి చేపలు మనుష్యునికి ప్రాచీనకాలము నుండి తెలిసినవే. నైలునదిలో పొడుగుముక్కు గల ఏనుగుచేప యొకటి కలదు. ఈజిప్టు దేశములో ఒక పట్టణమువారు దానిని పవిత్రముగా పూజించిరి. గ్రీకులు ఆ పట్టణమును ఆక్సిరింకసు, అనగా మొనముక్కు చేప పట్టణము, అని పిలిచిరి. 1896 నుండి అచ్చటి చెత్తదిబ్బలలో పురాతన పత్రములు వేలకొలది లభించుటచే ఆ పేరు లోకప్రసిద్ధమైనది. 1758లో లిన్నేయసు నైలు చేపలనుబట్టి మార్మిరసు అను ప్రజాతి నేర్పరచెను. మనము వర్ణించిన గడ్డపు చేపను 1862లో గుంథరు అను శాస్త్రజ్ఞుడు మార్మిరసు పీటర్సీ యని పేర్కొనెను; పీటర్సు అను జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞుని గౌరవార్థము ఆ పేరు పెట్టెను. ఆ మరుసటి యేట అమెరికాలో గిల్ అను నాతడు నాథోనీమసు అను ప్రజాతిని స్థాపించెను. దవడయందు దారము గలదని ఆ మాటకు అర్థము. నేడు దీని పేరు నాథోనీమసు పీటర్సీ. దక్షిణ సముద్రములలో ఏనుగుచేప యని పిలువబడు మరియొక చేప యున్నది. అది సొరచేపల తెగకు చేరినది. దానికిని దీనికిని పేరులో తప్ప సంబంధము లేదు.

ఏనుగుచేపల కుటుంబమునకు మార్మిరిడే యని పేరు. అందు రెండువందలకు పైగా జాతులు కలవు. అన్నియు ఆఫ్రికావే. అన్నిటికిని గడ్డము పెరిగి యుండదు. కొన్నిటికి ముఖము గొట్టమువలె సాగును. కొన్నిటికి గుండ్రముగా మొద్దుగా నుండును. అన్నిటికిని సామాన్యమైనది విద్యుత్తే. గాబను దేశపు నదులలో, కంటికి ఒక్కజాతివలె కనబడు చేపలు కొన్ని, తమ స్పందనపు ఆకారమునుబట్టి పెక్కుజాతులని తేలినవి. రూపమునుబట్టి జాతి నిర్ణయించుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును. మన ఒల్లెంక కథ దీనినే మరింత స్పష్టపరచును.

ఒల్లెంకను 1769లో పల్లాసు అను పండితుడు మొదట వర్ణించెను. దాని పొట్టక్రింది రెక్క శరీరము పొడవునను వ్యాపించి తోకతో కలిసి యుండుట చూచి, దక్షిణ అమెరికా విద్యుత్తు ఆర యున్న జిమ్నోటసు ప్రజాతిలోనే దీనిని చేర్చెను. వానికిని అట్టి రెక్కయే కలదు. 1800లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపేడు దీనికి నోటోప్టెరసు అను ప్రత్యేక ప్రజాతి నిచ్చెను. వీపున రెక్క గలదని అర్థము. ఒల్లెంక వీపుపై చిన్న ఈకవంటి రెక్క యున్నది. అమెరికా చేపలకు అది లేదు. 1822లో గంగానది చేపలను గూర్చి గ్రంథము వ్రాసిన హామిల్టను దీనిని మిస్టసు ప్రజాతిలో చేర్చెను. ఆ పేరు నేడు మన జెల్లలకు చెందినది. చూడుడు: మొదటివాడు విద్యుత్తు ఆరలతో కలిపెను, మూడవవాడు మరియొక చోట నుంచెను. ఏనుగుచేపతో దీనికి సంబంధము కలదని రూపమునుబట్టి యెవ్వరును చెప్పలేకపోయిరి.

సత్యము నోటిలోను కడుపులోను దాగియున్నది. మనము అన్నము నమలునపుడు పై దవడ పండ్లకును క్రింది దవడ పండ్లకును నడుమ ఆహారము నలుగును. ఒల్లెంక నాలుకపై పండ్లున్నవి; వానికెదురుగ అంగుటి యెముకపైనను పండ్లున్నవి. నాలుకకును అంగుటికిని నడుమ ఎరను బిగించి పట్టును. ఏనుగుచేప నోటిలోను నాలుకయు అంగుడును పండ్లు గలవియే. అట్లే సామాన్యముగా చేపల ప్రేవు కడుపునకు కుడివైపున దిగగా, ఈ వంశపు చేపలలో ఎడమవైపున దిగును. ఈ లక్షణములనుబట్టి వీనిని ఒక్క తెగగా పరిగణించి ఎముకనాలుక చేపలు అని పిలిచిరి, శాస్త్రనామము ఆస్టియోగ్లాసిఫార్మిసు. అమెజానులో మనుష్యుని నిలువునకు మించి పెరుగు అరపైమా, తూర్పుదేశములలో అద్దపుతొట్టెలలో పెంచు అరోవానా, ఇవియు ఈ తెగవే. 1966లో గ్రీన్‌వుడ్డు మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు ఎముకల చేపల నన్నిటిని పునర్విభజన చేసి వ్రాసిన ప్రసిద్ధవ్యాసములో ఈ తెగకు స్థిరమైన స్థానము లభించినది.

ఈ తెగలో ఏనుగుచేపల కుటుంబమును, ఒల్లెంకల కుటుంబమును మరింత సన్నిహితములు. రెంటిలోను గాలితిత్తికిని లోపలి చెవికిని సంబంధ మున్నది. ఏనుగుచేపలో చిన్న గాలిబుడగ యొకటి తిత్తినుండి విడివడి చెవికి అంటుకొని యుండును. ఒల్లెంకలో తిత్తి ముందుకు సాగి చెవిని చేరును. రెండును బాగుగా వినగల చేపలు. ఈ మధ్య కాలమున కణములలోని వారసత్వ పదార్థమును పోల్చిచూచినవారును ఈ చుట్టరికమునే ధ్రువపరచిరి.

ఇప్పుడు మన చుట్టమును కొంచెము దగ్గరగా చూతము. ఒల్లెంక సామాన్యముగా జానెడు, జానెడున్నర యుండును. రెండడుగుల వరకును పెరుగవచ్చును. చెరువులలోను, కాలువలలోను, మెల్లగ పారు నదులలోను, మొక్కలు గుబురుగా నున్నచోట నివసించును. పగలు దాగి, రాత్రి సంచరించి, పురుగులను, రొయ్యలను, చిన్నచేపలను తినును. ఈదునపుడు శరీరమును వంచదు. పొట్టక్రింది పొడవైన రెక్కను గాలికి కదలు చీర అంచువలె అలలుగా కదలించును. అల వెనుకకు పోయిన చేప ముందుకు పోవును. అల ముందుకు వచ్చిన చేప వెనుకకు పోవును. నీటిలో ప్రాణవాయువు తరిగినపుడు పైకి వచ్చి గాలిని మ్రింగి తిత్తి ద్వారా శ్వాసించును. వానకారులో ఆడుచేప రాళ్లపైనను, మునిగిన కొయ్యలపైనను గ్రుడ్లు పెట్టును. మగచేప వానికి కావలి యుండి, రెక్కలతో నీటిని విసరుచు బురద పేరుకొనకుండ కాపాడును. ముళ్లచేప యని చిల్లరకుప్పలో పడవేసిన ఈ ప్రాణి ఇంత బాధ్యత గల తండ్రి.

రాత్రివేళ తిరుగును, బురదనీటిలో బ్రతుకును, వెనుకకు ఈదును, ఏనుగుచేపకు చుట్టము. అట్లైనచో దీనికి విద్యుత్తు ఉండవలెను గదా యని శ్రోతలు ఊహింపవచ్చును. శాస్త్రజ్ఞులును అట్లే ఊహించిరి. 1982లో ఇద్దరు పరిశోధకులు ఆఫ్రికాలోని ఒల్లెంకజాతి చేపను పరీక్షించి, అది విద్యుత్తును పుట్టింపలేకున్నను గ్రహింపగలదని చూపిరి. అది ప్రసారకేంద్రము కాదు గాని, మన యిండ్లలోని రేడియోవలె గ్రాహకయంత్రము. మరియొకరు మెదడుల నిర్మాణమును పోల్చి, ఆఫ్రికా ఒల్లెంకలకు మాత్రమే ఈ శక్తి కలదనియు, ఆసియా ఒల్లెంకలకు లేదనియు నిర్ణయించిరి. మన కృష్ణలోని చేపకు ప్రసారమును లేదు, గ్రహణమును లేదు. పూర్వులకు ఉండినదానిని అది కోల్పోయి యుండవచ్చును.

ఇందు మరియొక వింత యున్నది. ఆ బుట్టలోనే యున్న వాలుగ, జెల్ల, మార్పు, ఈ మీసాల చేపలన్నిటికిని చర్మమున విద్యుత్తును గ్రహించు సూక్ష్మరంధ్రములు కలవు. ఎర శరీరమునుండి వెలువడు అతిస్వల్పమైన విద్యుత్తును అవి చీకటిలో పసికట్టును. వానికి ఏనుగుచేపతో దగ్గరి చుట్టరికము లేదు. చుట్టమునకు లేని శక్తి పరాయివానికి కలదు. ఒక శక్తి కలిగియుండుట వేరు, ఒక వంశమున పుట్టుట వేరు. అవసరము ఒక్కటైనచో వేరువేరు వంశములు ఒక్క ఉపాయమును కనుగొనును. అవసరము తీరినచో ఒకే వంశములో అది మాసిపోవును. కనుకనే శాస్త్రజ్ఞుడు ఒక్క గుర్తుతో తృప్తిపడక, నాలుకను, ప్రేవును, చెవిని, మెదడును, కణమును అన్నిటిని కలిపి సాక్ష్యము తీసికొనును.

మంచినీటి చేపలు సముద్రమును దాటలేవు. మరి ఒకే కుటుంబము ఆఫ్రికాలోను ఆసియాలోను ఎట్లున్నది? పూర్వము ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, మన దేశము - ఇవి యన్నియు ఒక్క మహాఖండముగా నుండెను. దానికి గోండ్వానా యని పేరు. ఆదిలాబాదు అడవులలోను నివసించు గోండుల నాటి పేరే అది. ఆ ఖండము చీలినపుడు మన భూభాగము చిరకాలము ఉత్తరముగ తేలివచ్చి ఆసియాకు తాకినది. ఒల్లెంకల పూర్వులు ఆ నావపై ప్రయాణము చేసి వచ్చియుండవచ్చునని 2009లో జపాను శాస్త్రజ్ఞులు వారసత్వ పదార్థమును పరిశీలించి అభిప్రాయపడిరి. దీనికి మన తెలుగునేలలోనే ఒక సాక్ష్యము కలదు. హైదరాబాదు ప్రాంతమున రంగాపూరు వద్ద, దక్కను లావాపొరలతో కూడిన మంటిలో, చేపల చెవిరాళ్లు శిలాజములుగా లభించినవి. ఆవగింజలంతటి ఆ రాళ్లను 1988లో వర్ణించిన పరిశోధకుడు, వానిలో కొన్ని ఒల్లెంక కుటుంబమునకు చెందినవని గుర్తించెను. వాని వయస్సు ఆరున్నర కోట్ల సంవత్సరములకు పైబడినది. హిమాలయములు పుట్టకమునుపే ఈ కుటుంబము మన నేలపై నుండెనన్న మాట.

ఈ కథ వినోదమునకు మాత్రమే కాదు. ఆఫ్రికాకు చెందిన చేపలు నేడును కృష్ణకు వచ్చుచున్నవి. కాని అవి ఖండముల నెక్కి వచ్చినవి కావు, మనుష్యుని చేతిమీదుగా వచ్చినవి. మన దేశమునకు తిలాపియాను 1952లో తెచ్చిరి; జిలేబి చేప యని దాని కుటుంబమును మనవారు పిలుచుచున్నారు. ఆఫ్రికా మార్పును పెంచుట నిషేధింపబడినను అది చెరువులనుండి కాలువలకు, కాలువలనుండి నదికి జారినది. దక్షిణ అమెరికానుండి అద్దపుతొట్టెలకు తెచ్చిన, ఒడలెల్ల పలకలు గల చేప యొకటి బయటపడి వృద్ధియైనది. జాలరులు దానిని దెయ్యపుచేప యని పిలుచుచు, వలలు చింపుచున్నదని వాపోవుచున్నారు. ఈ కొత్తవారందరు అడుగుననుండి ఆహారము వెదకువారు, లేదా గూడు కట్టి స్థలము నాక్రమించువారు. రాళ్లపైనను కొయ్యలపైనను గ్రుడ్లు పెట్టు ఒల్లెంకకు వీనివలన ఇబ్బంది కలుగునని భయపడుట సహజము.

ఏనుగుచేపను సైతము నేడు అద్దపుతొట్టెల కొరకు అమ్ముచున్నారు. ఎవరింటనైన అది యున్నచో, విసుగు కలిగిననాడు దానిని కాలువలోనో కృష్ణలోనో వదలరాదు. చుట్టమింటికే పంపుచున్నామని సమర్థించుకొనరాదు. కోట్ల సంవత్సరముల క్రిందట విడిపోయిన చుట్టములు ఒక్క ఇంట కాపురముండలేరు.

మరియొక మాట. పేరు లేని చేప తగ్గిపోయినను ఎవ్వరికిని తెలియదు. బొచ్చె తగ్గినచో బజారు గగ్గోలు పడును. చిల్లరకుప్పలోని చేప తగ్గినచో కుప్ప మాత్రము అట్లే యుండును. దానిలో ఒక వంశము లేకపోయినదని లెక్క చెప్పువా రుండరు. కావున లెక్కించుటకు ముందు పేరు కావలెను; పేరు పెట్టుటకు ముందు గుర్తుపట్టుట కావలెను. చేపలను గూర్చిన శాస్త్రములో వర్గీకరణ మను భాగము ఎండుపేర్ల పట్టిక యని కొందరికి తోచును. మన నదిలో ఏ యే కుటుంబములు కాపురమున్నవో తెలుపు జాబితా అదియే.

ఈసారి బజారునకు పోయినపుడు, వెండిరేకువంటి ఆ చేప కనబడినచో, శ్రోతలు దాని వీపుపై ఈకవంటి రెక్కను చూడుడు. చేపలమ్మువారి అనుమతితో నోరు తెరచి, నాలుకను వ్రేలికొసతో మెల్లగా తాకి చూడుడు. గరుకుగా పండ్లు తగులును. ఆఫ్రికానదుల చీకటిలో గడ్డము కదలించుకొనుచు, సన్నని విద్యుత్తుతో లోకమును చదువుకొనుచున్న ఏనుగుచేప నోటిలోనున్నవి కూడ ఆ పండ్లే. పిమ్మట అమ్మువారిని దాని పేరడుగుడు. వారికి తెలియనిచో ఒల్లెంక యని మీరు చెప్పుడు.